బీరు తోటలో చద్దిమూట

మన పట్టణములలో ఏ ఫలహారశాలకు పోయినను గోడమీద ఒక హెచ్చరిక కానవచ్చును. బయటి తినుబండారములు లోపలికి తేగూడదని దాని సారాంశము. అందు తప్పు పట్టవలసినదేమియు లేదు. బల్ల తనది, కుర్చీ తనది, నెత్తిమీది నీడ తనది అయినప్పుడు, అక్కడ కూర్చున్నవాడు తన వంటకమునే కొని తినవలెనని యజమాని కోరుట న్యాయమే.

కాని జర్మనీ దేశమునకు దక్షిణముననున్న బవేరియా రాష్ట్రమున ఇందుకు సరిగా ఎదురైన ఆచారమొకటి నడచుచున్నది. ఆ రాష్ట్రమునకు మ్యూనిక్ రాజధాని. అక్కడ వేసవి సాయంకాలమున ఒక కుటుంబము ఇంటినుండి బుట్ట సర్దుకొని బయలుదేరును. బుట్టలో రొట్టె, జున్ను, ముల్లంగి, ఉడికించిన గ్రుడ్లు, ఒక చాకు, బల్లమీద పరచుటకు ఒక గళ్ల గుడ్డ ఉండును. వారు బీరు తోటకు పోయి, చెట్టు క్రింది బల్లమీద ఆ బుట్ట విప్పి, పానీయము మాత్రము అక్కడ కొని, ఇంటి భోజనమునే ఆరగింతురు. యజమాని అడ్డు చెప్పడు. తెచ్చుకొన్న తిండి తినుటకు వీలులేని తోటను అక్కడి ప్రభుత్వ నిబంధన సంప్రదాయ సిద్ధమైన బీరు తోటగానే లెక్కింపదు.

అమ్మువాని స్థలమున కొనువాని చద్దిమూటకు ఇంత గౌరవమెట్లు కలిగెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోయినచో 16వ శతాబ్ది నుండి నేటివరకు సాగివచ్చిన ఒక చిత్రమైన చరిత్ర బయల్పడును. పానీయమమ్మువాడొకడు, భోజనము పెట్టువాడొకడు, వారి తగవు తీర్చిన రాజొకడు, ఆ తీర్పువలన మేలు పొందిన సామాన్యుడొకడు. ఈ నలుగురి కథ అది. మద్యపానమును ప్రశంసించుట మా ఉద్దేశము కాదు. అన్నపానముల విషయమున ఒక జాతి ఏర్పరచుకొన్న కట్టుబాట్లను బట్టి ఆ జాతి స్వభావము కొంత తెలియును గనుక, ఆ కట్టుబాట్ల చరిత్రను పాఠకుల ముందుంచదలచితిమి.

బీరు తయారగు విధము తెలియనిదే ఈ కథ బోధపడదు. మన ఇండ్లలో రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి పిండి చేయుట అందరెరిగినదే. బార్లీ గింజలను కూడ అట్లే మొలకెత్తించి వేడిమిని ఎండించినచో దానిని మాల్టు అందురు. మాల్టును నలగగొట్టి వేడినీటిలో కలిపినచో గింజలోని పిండిపదార్థము చక్కెరగా మారి నీటిలో కరగును. ఆ తియ్యని నీటిని వడగట్టి, హాప్స్ అను తీగ పువ్వులు వేసి కాచుదురు. ఆ పువ్వు చేదును, సువాసనను ఇచ్చుటయే గాక పానీయము త్వరగా చెడిపోకుండ కాపాడును. కాచిన ద్రవము చల్లారిన పిమ్మట ఈస్టు చేరి దానిని పులియజేయును. ఇంతకంటె రహస్యమేమియు లేదు. కాని ఈ పనిలో రెండు చిక్కులు కలవు. కాచుటకు పెద్ద మంట కావలెను. పులియుటకు చల్లదనము కావలెను.

1516వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన బవేరియా ప్రభువులైన నాలుగవ విల్‌హెల్మ్, పదవ లూడ్‌విగ్ అను అన్నదమ్ములు ఇంగోల్‌స్టాట్ పట్టణమున ఒక శాసనము ప్రకటించిరి. బీరునందు బార్లీ, హాప్స్, నీరు తప్ప వేరేమియు వాడరాదని అది విధించెను. ఈస్టు పేరు అందు లేదు. ఆ సూక్ష్మజీవి చేయు పనియేదో ఆ కాలమునకు తెలియదు. ఈ శాసనమును ప్రపంచమంతయు శుద్ధి శాసనమని కీర్తించును గాని, దానిని చదివినవారికి మొదట కనబడునది శుద్ధి కాదు, ధర. సెప్టెంబరు 29వ తేదీ నాటి సెయింట్ మైకేలు పండుగ మొదలు ఏప్రిల్ 23వ తేదీ నాటి సెయింట్ జార్జి పండుగ వరకు ఒక కొలత బీరు ఒక పెన్నీకి మించి అమ్మరాదు. ఆ పండుగ మొదలు మరల సెప్టెంబరు వరకు రెండు పెన్నీలకు మించరాదు. అనగా చలికాలపు ధర ఒకటి, ఎండకాలపు ధర మరియొకటి. సామాన్యుని గిన్నెలోనిదానికి ప్రభువు ధర కట్టుట ఆ దేశమున ఆనాటి నుండియు ఉన్నదన్న మాట.

ఎండకాలమున ధర హెచ్చుటకు కారణము స్పష్టము. వేడికి పులియబెట్టిన బీరు పాడగును. బవేరియాలో వాడుకలోనికి వచ్చిన ఈస్టు పాత్ర అడుగున చేరి, పది డిగ్రీల సెంటిగ్రేడునకు లోబడిన చల్లదనమున మెల్లగా పని చేయునది. అదియును గాక, వేసవిలో బట్టీల మంట వలన కొయ్య ఇండ్లు కాలిపోవు భయము కలదు. ఇందుచేత 16వ శతాబ్ది మధ్యభాగమున బవేరియా ప్రభువులు మరియొక కట్టడి చేసిరి. సెయింట్ జార్జి పండుగ నుండి సెయింట్ మైకేలు పండుగ వరకు, సుమారు అయిదు మాసములు, బీరు కాచుటయే నిషిద్ధము.

కాచుట మానినంత మాత్రమున జనులు త్రాగుట మానరు గదా. బట్టీదారులు మార్చి మాసమున కొంచెము గాఢముగా, హాప్స్ అధికముగా వేసి ఒక బీరు కాచి, వేసవికంతటికి నిలువ చేయసాగిరి. దానికి మార్చి బీరు అనియే పేరు. నిలువ చేయుటకు చల్లని చోటు కావలెను గనుక, మ్యూనిక్ నగరమును ఆనుకొని ప్రవహించు ఇసార్ నది ఎత్తుగట్లలో లోతైన నేలమాళిగలు త్రవ్వించిరి. చలికాలమున నదులమీదను, చెరువులమీదను పేరుకొన్న మంచుగడ్డలను కోయించి, ఆ మాళిగలలో పీపాల చుట్టు పేర్పించిరి. మాళిగపై ఎండ పడకుండ నేలమీద కంకర పరపించి, పైన గుఱ్ఱపు చెస్ట్‌నట్ చెట్లు నాటించిరి. ఆ చెట్టును ఎన్నుకొనుటలో గొప్ప తెలివి కలదు. దాని ఆకులు వెడల్పు, నీడ దట్టము. వేళ్లు లోతునకు దిగవు గనుక క్రింది కమానులకు హాని లేదు.

బీరు తోట అను దానికి బీజము ఇదియే. వినోదమునకై ఎవ్వరును ఆ చెట్లు నాటలేదు. అవి క్రిందనున్న పీపాలకు పట్టిన గొడుగులు. కాని చల్లని బీరు క్రింద, చల్లని నీడ పైన, ఎండలో నడచి వచ్చిన నగరవాసి మధ్యన ఉన్నప్పుడు జరుగవలసినదే జరిగెను. బట్టీదారులు చెట్ల క్రింద నాలుగు బల్లలు వేసి, మాళిగనుండి నేరుగా తీసిన బీరును అక్కడనే పోయసాగిరి. కొందరు తినుటకు కూడ ఏదో యొకటి పెట్టసాగిరి. నగరవాసులు ఆదివారపు మధ్యాహ్నములు నదిగట్టునకు తరలిపోవ మొదలిడిరి.

అప్పుడు నగరములోని పూటకూళ్లవారికి కడుపు మండెను. ఓరుగల్లు పూటకూళ్ల ఇండ్ల ప్రసిద్ధి ఎరిగిన తెలుగువారికి వీరి వృత్తి వివరింప నక్కరలేదు. బాటసారికి బస, భోజనము, పానీయము ఇచ్చి జీవించువారు వీరు. వీరు సొంతముగా బీరు కాచరు. బట్టీదారుల వద్దనే కొని అమ్ముకొందురు. తమకు సరకు అమ్మువాడే తమకు పోటీయై, తమకంటె చల్లని బీరును, తమకంటె మంచి నీడను చూపి, పైగా భోజనము కూడ పెట్టినచో తమ గతి యేమని వారు రాజునకు మొరపెట్టుకొనిరి.

బవేరియాకు ఆనాటి రాజు మాక్సిమిలియన్ జోసెఫ్. 1806వ సంవత్సరమున ఆ దేశము రాజ్యముగా మారినప్పుడు మొదట కిరీటము ధరించినవాడు ఇతడే. ఇతని కుమారుడు లూడ్‌విగునకు 1810వ సంవత్సరము అక్టోబరులో జరిగిన వివాహోత్సవమే నేడు లోకప్రసిద్ధమైన మ్యూనిక్ అక్టోబరు తిరునాళ్లకు మూలము. ఇట్టి రాజు ముందుకు ఈ తగవు వచ్చెను. బట్టీదారుల పక్షము వహించినచో పూటకూళ్లవారు చెడుదురు. పూటకూళ్లవారి పక్షము వహించినచో జనులు తమకు అలవాటైన నీడను కోల్పోయి అసంతృప్తి చెందుదురు.

1812వ సంవత్సరము జనవరి 4వ తేదీన రాజు తన నిర్ణయమును ప్రకటించెను. మ్యూనిక్ బట్టీదారులు జూను, జూలై, ఆగస్టు, సెప్టెంబరు మాసములలో తాము కాచిన మార్చి బీరును తమ మాళిగల వద్దనే చిల్లరగా అమ్ముకొనవచ్చును. వచ్చినవారికి బీరును, రొట్టెను ఇవ్వవచ్చును. అంతకు మించి ఏ ఆహారమును గాని, ఇతర పానీయమును గాని ఇయ్యరాదు. రొట్టె దాటి ఒక్క ముక్క జున్ను పెట్టినను నేరమే.

ఈ తీర్పును శ్రద్ధగా గమనింపవలెను. పానీయము బట్టీదారునకు, వంటకము పూటకూళ్లవానికి అని రాజు పంచి పెట్టెను. కాని ఆ శాసనమున ఒక విషయమును గూర్చి ఒక్క మాటయైన లేదు. వచ్చినవాడు తన తిండిని తానే తెచ్చుకొనినచో? అమ్మువానిమీద నిషేధమున్నది గాని తినువానిమీద లేదు. జనులు ఆ సందును వెంటనే కనిపెట్టిరి. బుట్టలు సర్దుకొనిరి. బట్టీదారునకు కూడ అది సమ్మతమే అయ్యెను; తాను పెట్టలేని భోజనమును వారే తెచ్చుకొనినచో వారు ఇంకొక జాము కూర్చుందురు గదా. మ్యూనిక్ వాసుల చద్దిమూట ఆచారమునకు ఈ శాసనమే మూలమని ఆ నగర చరిత్ర చెప్పుచున్నది.

పూటకూళ్లవారి పళ్లెమును కాపాడుటకై పుట్టిన నిషేధము, పేదవాని కొక స్వేచ్ఛగా పరిణమించెను. ఒక గిన్నె బీరునకు డబ్బిచ్చుకొనగల కూలివాడు, భోజనమునకు డబ్బు లేకున్నను, ఇంటి రొట్టెతో నగరములోనికెల్ల మంచి నీడలో తన కుటుంబముతో కూడ కూర్చుండగలిగెను. ప్రక్క బల్లమీద ఉద్యోగియు, వర్తకుడును వారి వారి బుట్టలతో కూర్చుండిరి. రాజు దీనిని కోరి చేయలేదు. చరిత్రలో కొన్ని మేలులు ఇట్లే, ఎవ్వరును ఉద్దేశింపకుండగనే కలుగుచుండును.

కాలక్రమమున ఆహార నిషేధము తొలగిపోయెను. బట్టీదారులు వంటశాలలు పెట్టిరి. బీరును, భోజనమును ఒక్క యజమాని చేతినుండియే లభింపసాగెను. నేడు ఆ తోటలలో దొరకు వంటకములకు కొదువ లేదు. పుల్లలకు గ్రుచ్చి నిప్పులమీద కాల్చిన చేపలు, ముడివేసిన త్రాడువంటి ఉప్పు రొట్టెలు, పొడుగాటి తెల్ల ముల్లంగిని మరమేకువలె చుట్లు చుట్లుగా తరిగి ఉప్పు చల్లినది, పండిన మెత్తని జున్నులో వెన్నయు మిరపపొడియు కలిపి మెదిపినది, వేయించిన పంది మాంసము. మిరపపొడి అనగానే మన గుంటూరు కారము తలపునకు రాగూడదు. అది రంగునకే గాని నాలుకకు కాదు. ఈ వంటకములన్నిటిలో ఉప్పు పాలు హెచ్చు. చేదుతో కూడిన చల్లని బీరునకు ఉప్పదనము జత యని వారి అనుభవము.

ఇన్ని వంటకములున్నను పాత ఆచారము చెడలేదు. గుడ్డ పరచిన బల్లమీద కూర్చున్నవారికి పరిచారకులు వడ్డింతురు. అక్కడ వారి వంటకమే తినవలెను. గుడ్డ లేని వట్టి బల్లలు చద్దిమూటవారివి. ఈ తేడా తెలిసినచో క్రొత్తవానికి ఏ చిక్కును లేదు. మ్యూనిక్ రైలు స్టేషనునకు దగ్గరనున్న అగస్టీనర్ కెల్లర్ అను తోట 1812వ సంవత్సరమునాటికే పేర్కొనబడినది. అక్కడ నూరు చెస్ట్‌నట్ చెట్లకు పైగా కలవు. హిర్ష్‌గార్టెన్ అను తోటలో సుమారు 8,000 మంది కూర్చుండగలరు. ఇంగ్లీషు ఉద్యానవనమున చైనా గోపురము చుట్టునున్న తోటలో సుమారు 7,000 మందికి చోటు కలదు. ఆ కొయ్య గోపురము 1790వ సంవత్సరమున కట్టినది; రెండవ ప్రపంచయుద్ధమున 1944లో కాలిపోగా 1952లో మరల కట్టిరి.

జనులు ఈ విషయమున ఎంత పట్టుదల గలవారో పాలకులకు పలుమార్లు తెలిసివచ్చెను. 1844వ సంవత్సరము మే మాసమున బీరు ధర హెచ్చింపగా మ్యూనిక్ వాసులు తిరుగబడి బట్టీలపై బడి కిటికీలు, సామానులు పగులగొట్టిరి. అప్పటికి రాజైయున్న మొదటి లూడ్‌విగ్ ధర తగ్గించిన గాని అలజడి చల్లారలేదు. ఈ లూడ్‌విగే 1828వ సంవత్సరమున హోఫ్‌బ్రాయ్‌హౌస్ అను ఆస్థాన బట్టీని సామాన్య ప్రజలకు తెరపించెను. అది 1589వ సంవత్సరమున అయిదవ విల్‌హెల్మ్ ప్రభువు స్థాపించినది. తన పరివారమునకు కావలసిన బీరును ఉత్తర జర్మనీలోని ఐన్‌బెక్ పట్టణమునుండి తెప్పించుకొనుట బొక్కసమునకు భారమగుటచే ఆయన సొంత బట్టీ పెట్టించెను. రాజుగారి పానశాల రెండు వందల సంవత్సరములకు పిమ్మట ప్రజల భోజనశాల అయ్యెను.

1870వ దశకమున మాళిగల అవసరమే తీరిపోయెను. మ్యూనిక్ సాంకేతిక విద్యాలయమున ఆచార్యుడైన కార్ల్ లిండే చల్లదనము పుట్టించు యంత్రమును నిర్మించి, ఆ నగరములోని స్పాటెన్ బట్టీలో ప్రయోగించి చూచెను. మన ఇండ్లలోని శీతలయంత్రములకు పూర్వీకులలో నిది యొకటి. యంత్రము వచ్చిన పిమ్మట మంచుగడ్డలతో పనిలేదు. కంకరతోను, చెస్ట్‌నట్ నీడతోను పనిలేదు. వేసవిలో కూడ బీరు కాచవచ్చును. న్యాయముగా ఆ తోటలు అప్పుడే నశింపవలసినది. నశింపలేదు. పీపాలకై నాటిన చెట్లు అప్పటికే మనుష్యులవైపోయినవి.

ఇంతవరకు చెప్పినది మంచి మాట. చరిత్ర చెప్పబూనినవారు చెడ్డ మాటను దాచరాదు. తోటలతో పాటు మ్యూనిక్ బట్టీదారులు వేలమంది పట్టు పెద్ద సావడులు కూడ కట్టిరి. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఆ సావడులే రాజకీయ సభలకు స్థానములయ్యెను. 1920వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన హిట్లరు తన పక్షపు కార్యక్రమమును ప్రకటించినది హోఫ్‌బ్రాయ్‌హౌసులోనే. 1923 నవంబరు 8వ తేదీ రాత్రి ప్రభుత్వమును కూలద్రోయుటకు ఆతడు కుట్రకు దిగినది బ్యుర్గర్‌బ్రాయ్ కెల్లరు అను సావడిలో. 1939 నవంబరు 8వ తేదీన అదే సావడిలో గేయోర్గ్ ఎల్సర్ అను వడ్రంగి, ఎవ్వరి సహాయమును లేకుండ, స్తంభమును తొలిచి బాంబు అమర్చెను. హిట్లరు అనుకొన్నదానికంటె ముందుగా లేచిపోయినందున బ్రతికెను. ఎనిమిది మంది మరణించిరి. ఎల్సరును 1945 ఏప్రిల్‌లో డాకౌ నిర్బంధ శిబిరమున చంపిరి. ఆ సావడిని 1979లో పడగొట్టిరి. మంచి బీరును, మంచి భోజనమును ఒకచోట చేరినంత మాత్రమున అక్కడ మంచి మాటలే వినబడునని భ్రమింపరాదు. సావడిలో ఒక్కని గొంతు వేలమందిని మ్రింగివేసెను.

ఇక మ్యూనిక్ వదలి ఉత్తరమునకు పోవుదము. అక్కడ బవేరియాలోని ఫ్రాంకోనియా ప్రాంతమున బాంబర్గ్ అను ప్రాచీన పట్టణము కలదు. దాని పాత పేటలను 1993లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. మ్యూనిక్‌లో బట్టీలు మిక్కిలి పెద్దవై, కాచుచోటు వేరు, త్రాగుచోటు వేరు అయినవి. బాంబర్గులో నేటికిని ఒక కప్పు క్రిందనే కాచుట, వండుట, వడ్డించుట జరుగుచున్న ఇండ్లు కలవు. అందు ష్లెంకెర్లా అను ఇంటి ప్రస్తావన 1405వ సంవత్సరము నుండియు, స్పెట్సియాల్ అను ఇంటి ప్రస్తావన 1536వ సంవత్సరము నుండియు కానవచ్చుచున్నది. అక్కడి బీరునకు పొగ వాసన ఉండును. పూర్వము మాల్టును కట్టెల మంటపైననే ఎండించెడివారు గనుక బీరు పొగచూరుట సర్వసాధారణము. పొగ తగులని క్రొత్త కొలుములు వచ్చిన పిమ్మట తక్కిన లోకము ఆ రుచిని వదలినది. ఈ రెండిండ్లు వదలలేదు. నేటికిని వారు బీచి కట్టెల మంటపై మాల్టును తామే ఎండించుకొందురు. పెద్ద ఉల్లిగడ్డను తొలిచి, అందు మాంసము కూరి వండి, పొగ బీరుతో చేసిన పులుసు పోసి వడ్డించుట ఆ ఊరి ప్రత్యేకత. బీరు అక్కడ గిన్నెలోనే గాక పళ్లెములోనికి కూడ ప్రవేశించినది. వేసవి వచ్చినచో ఆ ప్రాంతపు జనులు "మాళిగ మీదికి పోవుదము" అందురు. వినువానికి తప్పు మాటవలె తోచును. మాళిగలోనికి దిగుదురు గాని మీదికి పోవుటేమి? గుట్ట ప్రక్కను తొలిచిన మాళిగ క్రిందను, చెట్లును బల్లలును పైనను ఉండునన్న చరిత్ర ఆ ఒక్క మాటలో నిలిచియున్నది.

ఇంతకంటెను ముచ్చటయైన పద్ధతి తూర్పున, చెక్ దేశపు సరిహద్దునకు చేరువనున్న ఓబర్‌ఫాల్ట్స్ సీమలో కలదు. విండిషెషెన్‌బాఖ్, నాయ్‌హౌస్, ఫాల్కెన్‌బర్గ్, మిట్టర్‌టైఖ్, ఎస్లార్న్ అను చిన్న ఊళ్లలో బట్టీ ఏ ఒక్కనిదియు కాదు, ఊరుమ్మడిది. బీరు కాచు హక్కు మనిషికి గాక ఇంటికి చెందియుండును. ఇల్లు ఎవరి చేతికి వచ్చినచో హక్కు వారిది. హక్కుదారులు వంతులవారీగా ఉమ్మడి బట్టీలో, కొన్నిచోట్ల నేటికిని కట్టెల మంటమీదనే, కాచుకొని, విశాలమైన పళ్లెమువంటి తొట్టిలో ఆ ద్రవమును రాత్రియంతయు చల్లార్చి, ఎవరి మాళిగకు వారు కొనిపోయి పులియబెట్టుకొందురు. బీరు పదునుకు వచ్చిన ఇంటివారు వాకిట ఆరు కోణముల నక్షత్రమును వ్రేలాడదీయుదురు. ఈ బీరునకు త్సోయ్‌గల్ అని పేరు. ఆ మాటకు అర్థము గుర్తు అనియే. నక్షత్రము కనబడినచో ఇరుగుపొరుగువారు, పొరుగూరివారు ఆ ఇంటి ముందు గదిలోనో, పెరటిలోనో చేరి, ఇంటివారు కోసిపెట్టిన చల్లని మాంసము, జున్ను, రొట్టె తినుచు ఆ బీరు త్రాగుదురు. కొన్నాళ్లకు ఈ ఇంటి నక్షత్రము దిగును. వేరొక ఇంటిపై ఎక్కును. ఒక్కడు ధనవంతుడై తక్కినవారు చెడకుండ వంతు అను చిన్న ఉపాయముతో ఊరంతయు బ్రతుకుచున్నది. 2018లో ఈ పద్ధతిని జర్మనీ దేశము తన సాంస్కృతిక వారసత్వ సంపదల పట్టికలో చేర్చెను.

మ్యూనిక్ రాజు శాసనముతో తీర్చవలసి వచ్చిన తగవును ఈ పల్లెలు పుట్టనీయలేదు. కాచువాడే వడ్డించువాడు, నేడు వడ్డించినవాడు రేపు అతిథి.

తోటల తగవు మాత్రము 20వ శతాబ్దిలో మరల తలయెత్తెను. ఈసారి ఎదుటి పక్షము పూటకూళ్లవారు కారు, తోటల ప్రక్కన ఇండ్లు కట్టుకొన్నవారు. మ్యూనిక్ నగరమునకు దక్షిణమున గ్రోస్‌హెస్సెలోహెలోని వాల్డ్‌విర్ట్‌షాఫ్ట్ అను తోట వలన నిద్ర చెడుచున్నదని ఇరుగుపొరుగువారు న్యాయస్థానమునకెక్కిరి. రాత్రి తొమ్మిదిన్నరకే దానిని మూసివేయవలెనని తీర్పు వచ్చెను. వేసవిలో ఆ దేశమున తొమ్మిదిన్నరకు ఇంకను వెలుగు పూర్తిగా చీకటిలో కలిసియుండదు. 1995 మే 12వ తేదీన 20,000 మందికి పైగా జనులు మ్యూనిక్ వీథులలో ఊరేగి నిరసించిరి. వార్తాపత్రికలు దానిని బీరు తోటల విప్లవమనెను. రాష్ట్ర ప్రభుత్వము వెంటనే తోటలకు అనుకూలముగా నిబంధన చేసెను. కాని ఇరుగుపొరుగువారి రక్షణకు అది చాలదని 1999 జనవరిలో జర్మనీ సర్వోన్నత పరిపాలనా న్యాయస్థానము దానిని కొట్టివేసెను. అదే సంవత్సరము ఏప్రిల్ 20వ తేదీన మరియొక నిబంధన వెలువడెను. రాత్రి పది గంటలకు సంగీతము ఆగవలెను; పదునొకండు గంటలకు తోట మూయవలెను.

ఈ నిబంధనలోనే ఒక విశేషము కలదు. ఏ తోటకు ఈ సౌకర్యము వర్తించునో నిర్ణయించుటకు బీరు తోట అననేమో చెప్పవలసివచ్చెను. దానికి రెండు లక్షణములను పేర్కొనిరి. ఒకటి, అది నిజముగా తోట కావలెను. రెండవది, వచ్చినవారు తాము తెచ్చుకొన్న ఆహారమును, అందుకై ఏమియు చెల్లింపకుండ, అక్కడ తినగలుగవలెను. 1812వ సంవత్సరమున రాజు చెప్పక విడిచిన మాటను 187 సంవత్సరముల పిమ్మట ప్రభుత్వము చెప్పి వ్రాసెను. శాసనపు సందులో పుట్టిన అలవాటు, శాసనములోని వాక్యమయ్యెను.

ఇందు ఆలోచింపవలసినది మనకును కొంత కలదు. నిద్ర కావలెనన్నవాని కోరిక అన్యాయము కాదు. పగలెల్ల పనిచేసి సాయంకాలము చెట్టు నీడ కోరినవాని కోరికయు అన్యాయము కాదు. సొంత ఇల్లు, సొంత తోట గలవానికి పొరుగువారి బల్లతో పనిలేదు. ఇరుకు గదులలో కాపురముండువానికి ఊరిలో డబ్బు లెక్క చూడని నీడ ఒకటి ఉండుటకును, లేకుండుటకును చాల భేదమున్నది. ఆ తోటలను నిలబెట్టినవారు బీరు కొరకు మాత్రమే ఊరేగలేదని మా అభిప్రాయము.

శాసనములు బల్లను కాపాడగలవు గాని బల్లవద్ద కూర్చుండు మనుష్యులను తేలేవు. నేడు బవేరియాలోని పల్లెలలో అనేకచోట్ల పాత పూటకూళ్ల ఇండ్లు మూతబడినవి. నడుపుటకు పిల్లలు ముందుకు రారు; జనులు ఇంటనే కూర్చుండ మరగిరి. 1812వ సంవత్సరమున ఏ వృత్తిని కాపాడుటకు రాజు అంత ప్రయాసపడెనో ఆ వృత్తియే క్షీణించుచుండగా, అతడు తలపని చద్దిమూట చెక్కుచెదరక నిలిచినది. ఆ ప్రాంతమునకు విద్యకో, ఉద్యోగమునకో పోయియున్న మన తెలుగువారు వేసవిలో ఏ మిత్రునితోనైన అట్టి తోటకు పోవుట తటస్థించినచో, గుడ్డ లేని బల్ల చూచి కూర్చుండవచ్చును. బీరు ముట్టనివారికి నిమ్మ పానకము, ఆపిలు రసము దొరకును. ఇంటినుండి తెచ్చుకొన్న పులిహోర పొట్లము విప్పినను ఎవ్వరును వద్దనరు. ప్రక్కవారు అదేమని అడిగినచో కొంచెము పెట్టుట మర్యాద.